పున్నమి నాటి మాట

మా తరం వారికి పంచాంగమంటే తిథివార నక్షత్రాల పుస్తకం మాత్రమే కాదు. మాట తప్పని అచ్చుపని కూడా. ఉగాదికి ముందు చేతికందితేనే దానికి గౌరవం. పంచాంగ శ్రవణం ముగిసిన తరువాత వచ్చిందా, అందులోని గణితం ఎంత శుద్ధమైనదైనా అడిగేవారుండరు. బట్టల దుకాణాల వారు, బంగారు కొట్ల వారు అట్టమీద తమ పేరు వేయించి దానిని ఊరికే పంచేవారు. అది ఏడాది పొడుగునా ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉండేది. ముహూర్తం చూడవలసి వచ్చినప్పుడల్లా ఆ దుకాణం పేరు కంటబడేది. "మా సరుకు కొనండి" అన్న మాట లోపల ఎక్కడా ఉండేది కాదు. ఇంటికి పనికివచ్చే విషయాన్ని వేళకు అందించడమే వారి ప్రకటన. దీనినే ఇప్పుడు కంటెంట్ మార్కెటింగ్ అంటున్నారు. పేరు కొత్తది, పద్ధతి పాతది.

ఈ వేళ పాటించడం ఎంత కష్టమో తలచుకున్నప్పుడు నాకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తుకు వస్తారు. 1893లో వారు బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. 1908లో ఆ నగరం నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో దానిని మద్రాసు నుండి దినపత్రికగా నడిపారు. 1924లో భారతి మాసపత్రికను స్థాపించారు. వీటికి తోడు ఏడాదికొక ఉగాది సంచిక. అంజనం అమ్ముకోవడానికి పత్రిక పెట్టారనడం అపచారమే అవుతుంది. నిజానికి అంజనం మీది ఆదాయమే పత్రికలను పోషించింది. నన్ను ఆశ్చర్యపరిచేది ఆ గడువుల వరుస. దినపత్రికకు తెల్లవారడమే గడువు. ఉగాది సంచికకు చైత్ర శుద్ధ పాడ్యమి గడువు. సంపాదకునికి జ్వరం వచ్చిందని పాడ్యమి ఆగదు కదా!

పంతులుగారిని గురించి తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినది నేర్చుకోవడానికి మాత్రం ఒక పిల్లవాడి వ్యాసం కావలసి వచ్చింది.

2007లో నేను పనిచేస్తున్న ప్రభుత్వ పాఠశాలలో చేరేవారు తగ్గిపోతూ వచ్చారు. ప్రైవేటు బడుల బస్సులు పల్లెల్లోకే వచ్చి పిల్లలను ఎక్కించుకుని పోతున్నాయి. హెడ్మాస్టరుగారు కరపత్రాలు వేయించారు. వారం తిరగకముందే అవి అంగడిలో బొరుగుల పొట్లాలై కనిపించాయి. "మన బడి గొప్పదని మనం చెప్పుకుంటే ఎవరు వింటారండీ? పిల్లల చేత ఊరికి పనికివచ్చేది ఏదైనా రాయించి పంచుదాం" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ప్రతి పున్నమికి ఒక కాగితం అని నిర్ణయించాము. పున్నమి ఎందుకంటే, అల్లూరు రైతుకైనా ఇసకపల్లి వైపు వేటకు పోయేవారికైనా క్యాలెండరు చూడకుండా తెలిసే రోజు అది. ఏడాదికి సరిపడా పథకం అట్టమీద గీశాను. ఆశ్వయుజానికి నారుమళ్లు, కార్తీకానికి తుఫాను జాగ్రత్తలు, పుష్యానికి సంక్రాంతి, ఫాల్గుణానికి కోతలు. ప్రతి కాగితంలోనూ ఒక విద్యార్థి రచన. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం సక్రమంగా గడిచాయి. టీ కొట్టులోను, రైసు మిల్లులోను జనం చదివారు. ఆ మెప్పు నా తలకెక్కింది. కార్తీక సంచికను ఎనిమిది పుటలు చేయాలని సంకల్పించాను.

ఆ సంచికలో రావలసినది ఏడవ తరగతి పిల్లవాడొకడు రాసిన వ్యాసం. గాలి తిరగడాన్ని వాళ్ల తాత ఎలా పసిగడతాడో రాశాడు. వాడిది సముద్రపు ఒడ్డున ఉన్న పాలెం. పేరు పడుతుందని ఇంట్లో ముందే చెప్పుకున్నాడు. ఎనిమిది పుటలు నిండలేదు. వానలకు కరెంటు పోయి జిరాక్సు కొట్టు రెండు రోజులు మూసి ఉన్నదన్నది నేను వెతుక్కున్న సాకు. పున్నమి దాటిన మరునాడు వాడి తండ్రి బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"చంద్రుడొచ్చాడు గదా అయ్యోరా, కాయితం రాలేదే?"

"వచ్చే పున్నమికి తప్పకుండా వస్తుందయ్యా" అన్నాను. మార్గశిరంలో పరీక్షలు. ఆ పున్నమి కూడా తప్పింది. సంక్రాంతి సెలవుల తరువాత పిల్లవాడు బడికి రాలేదు. మేనమామతో చెన్నపట్నం హార్బరు పనికి వెళ్లాడన్నారు. కాగితం రాకపోవడం వల్లనే వెళ్లాడని అనను. ఇంటి కష్టాలు వేరే ఉన్నాయి. కానీ బడికి వాడిని పట్టి ఉంచగల దారాలలో ఒకదానిని నా చేతులతో నేనే తెంపాను.

మాఘ పున్నమికి ఒకే పుటతో మళ్లీ మొదలుపెట్టాను. అందులో ఉన్నది ఆ వ్యాసమొక్కటే. పాలెం వెళ్లి తండ్రికి ఇచ్చాను. ఆయనకు చదువు రాదు. చదివి వినిపించమన్నాడు. వల బాగుచేసుకుంటూ చివరిదాకా విని, "నాయనను గురించి బాగానే రాసినాడే" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆ తరువాత పదవీ విరమణ దాకా పున్నమి తప్పనివ్వలేదు. గొప్ప ఉపాయాలేమీ లేవు. బాగా సాగిన నెలను బట్టి కాక, అన్ని పనులూ మీదపడిన నెలలో ఎంత చేయగలమో దానిని బట్టి పుటలు నిర్ణయించుకున్నాము. ఏ ఋతువుకైనా సరిపోయే రచనలు రెండు ఎప్పుడూ బీరువాలో నిలువ ఉంచాము. పథకం అట్టను నా ఇంట్లో కాక స్టాఫు రూములో వేలాడదీసి, నేను లేకపోతే ఎవరు చూడాలో దానిమీదే రాశాము. వేసవి సెలవులలో కాగితం ఉండదని ముందే అచ్చువేశాము. చెప్పి మానడం మాట తప్పడం కాదు.

పిల్లలు వరదలా వచ్చి చేరలేదు. బస్సు ఎక్కినవారిలో ఇద్దరు ముగ్గురు తిరిగి వచ్చారు. వెళ్లాలనుకున్నవారు కొందరు ఆగారు. పాలెం నుండి వచ్చే పిల్లలు మాత్రం రాయడం మానలేదు. వాళ్ల వ్యాసం ఏ పున్నమికి అని అడిగితే, ఆ తరువాత ఎన్నడూ నేను "వచ్చే నెల" అనలేదు. అట్ట దగ్గరకు తీసుకువెళ్లి మాసం పేరు చూపించేవాడిని.

స్వస్తి.