నిందకు ముందు పరీక్ష

ఒకనిమీద నింద మోపుట సులభము, విచారించుట కష్టము. గడచిన వర్షాకాలమున మా మిషను డీజిలు వాహనము ఈ సంగతిని మాకు మరల బోధించినది.

ఎత్తు నెక్కునప్పుడు బండికి బలము తగ్గి, హెచ్చరిక దీపము వెలుగుచుండెను. డ్రైవరు కల్తీ డీజిలు పోయించి సొమ్ము మిగుల్చుకొనుచున్నాడని కొందరు పెద్దలు శంకించిరి. 20 ఏండ్లు నమ్మకముగా పనిచేసిన యా మనుష్యుడు మారుమాట లేక తలవంచుకొని నిలిచెను. ఒక షెడ్డువారు పరీక్షింపకయే పంపు మార్చవలెననిరి. దాని వెల మా హాస్టలు నిధికి మోయరాని భారము. అందుచే మేము డ్రైవరును వెంటబెట్టుకొని వేరొక మెకానిక్కునొద్దకు పోతిమి.

అతడు స్కానరు తగిలింపగా పి0193 అను సంఖ్య కనబడెను. ఇంధన పీడనమును తెలుపు సెన్సారు సంకేతము మితిమీరి హెచ్చుగా నున్నదని దాని యర్థము. అది తీర్పు కాదు. ఎచ్చట వెదకవలెనో చూపు గురుతు మాత్రమే.

విద్యార్థులారా, ఇట్టి సెన్సారునకు సాధారణముగా 3 తీగెలుండును. ఒకదానిపై 5 వోల్టులు వచ్చును. ఒకటి భూమి తీగె. మూడవది సంకేతపు తీగె. పీడనము లేనప్పుడు సంకేతము సుమారు 0.5 వోల్టు, పీడనము పెరిగినకొలది 4.5 వోల్టుల వైపునకు పోవును. నేటి డీజిలు యింజనులలో ఈ పీడనము 1,600 బారులను దాటుటయు గలదు. అట్టి ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు గనుక, యింజను తిరుగుచుండగా ఆ గొట్టములను విప్పరాదు.

రాత్రియంతయు చల్లారిన యింజనును నడపకయే, తాళపుచెవి మాత్రము త్రిప్పి చూడగా, సంకేతము 5 వోల్టులకు సమీపమున నుండెను. “ఆగియున్న పంపు ఇంత పీడనము పుట్టింపజాలదు, కల్తీ డీజిలైనను పుట్టింపజాలదు. ఈ దోషము తీగెలలో నుండవలెను” అని మెకానిక్కు చెప్పెను. పిమ్మట సెన్సారు తొడుగును విప్పి మీటరు పెట్టెను. 5 వోల్టుల తీగెకును బాటరీ ఋణధ్రువమునకును నడుమ 5 చూపిన మీటరు, అదే తీగెకును భూమి తీగెకును నడుమ ఏమియు చూపలేదు. భూమి తీగె తెగినదన్నమాట! అట్లు తెగినప్పుడు సంకేతము నిజమైన పీడనముతో నిమిత్తము లేక పైకి పోవును. తీగెల కట్టను వెంబడించి చూడగా, ఒక ఇనుప పట్టీకి రాచుకొని యా తీగె తెగియుండెను. టంకము వేసి అతికి, తొడుగు వేయగానే సంకేతము 0.5 వోల్టునకు దిగెను. బండి నిండు భారముతో ఎత్తు నెక్కెను.

మరునాడు పెద్దలు డ్రైవరును పిలిచి, అందరి యెదుట అతని చేయి పట్టుకొని క్షమాపణ కోరిరి. అతడు కన్నీరు తుడుచుకొని, తాళపుచెవులు తీసికొని, పిల్లలను తెచ్చుటకు వెడలిపోయెను.

తరగతిలో పలక పోయినను, ఇంటిలో రూపాయి కనబడకున్నను మనము తొందరపడి ఒకని పేరు చెప్పుదుము. ఆ మెకానిక్కు పంపు దోషియని నిరూపింప బూనలేదు. అది నిర్దోషియైనచో ఏమి కనబడవలెనో మొదట చూచెను. బాలురారా, తలిదండ్రులారా, ఉపాధ్యాయ మిత్రులారా, మనుష్యుల విషయమునను ఇట్లే చేయుదము. తెగిన తీగె నతుకవచ్చును. అన్యాయముగా పోగొట్టిన మంచిపేరు నతుకుట అంత సులభము కాదు.