ఖుర్ఆన్ గాథల దస్తర్‌ఖాన్

నయాపూల్ దాటి మూసీకి దక్షిణాన అడుగుపెడితే పాతబస్తీలో పుస్తకమూ వంటా ఇరుగుపొరుగులుగా కనిపిస్తాయి. ఛత్తాబజార్‌లో ముద్రణాలయాల సిరా వాసన, దుకాణాల ముందు వరుసగా పేర్చిన పెళ్లి పత్రికల నమూనాలు. తెలుగులో ఇస్లామీయ గ్రంథాలను ప్రచురించే సందేశ భవనం కూడా అక్కడి లక్కడ్‌కోట్‌లోనే ఉంది. మరికొంత దూరం నడిస్తే పురానీ హవేలీ వైపు నుండి వేడి నాన్ పరిమళం, ఆ పిమ్మట మీర్ ఆలం మండీలో కూరగాయల గుట్టలు. ఈసారి ఈ దారిన మేము నడిచింది ఒక పిల్లవాడి విందు సరుకుల కోసం.

శాలిబండలో ఉన్న మా బంధువుల అబ్బాయి తొమ్మిదేళ్లకే ఖుర్ఆన్ నాజిరా పూర్తిచేశాడు. ఆ సందర్భాన్ని ‘హదియా’ పేరుతో జరుపుకోవడం దక్కన్ ఇళ్లలో పాత ఆనవాయితీ. ఏలూరు ప్రాంతానికి చెందిన జాఫర్ షరీఫ్ దక్కనీ ముస్లిముల ఆచారాలను గ్రంథస్థం చేయగా, దాని ఆంగ్లానువాదం ‘కానూనె ఇస్లాం’ పేరుతో 1832లో లండన్‌లో వెలువడింది. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల ప్రాయంలో పిల్లలచేత బిస్మిల్లాహ్ పలికించే వేడుక అందులో ఉంది. ఆ లెక్కకు షరీఅత్‌లో ఆధారం లేదు. చదువు పేరిట ఒక ఇల్లు సంతోషించడం మాత్రం మాకు మంచి విషయంగానే తోస్తుంది.

అయితే నాజిరా అంటే అరబీ లిపిని చూసి సరిగా పఠించడం. అర్థం సంగతి వేరు. ఆ అబ్బాయి సాఫ్ఫాత్ సూరాను ఎక్కడా తడబడకుండా చదువుతాడు. అందులో ఏయే ప్రవక్తల గాథలున్నాయని అడిగితే తల వంచుకుంటాడు. (అక్కడ కూర్చున్న పెద్దల్లో కూడా కొందరు తల వంచుకున్నారు.) అప్పుడు నానీ ఒక ఆలోచన చేశారు. దస్తర్‌ఖాన్‌పైకి వచ్చే ప్రతి వంటకం ఖుర్ఆన్‌లోని ఒక గాథను వెంటబెట్టుకు రావాలి; గాథ చెప్పిన తర్వాతే గిన్నె మూత తీయాలి. నల్లగొండ నుండి వచ్చే పిల్లలకు ఉర్దూ అంతంతమాత్రం కనుక, తెలుగులో చెప్పే బాధ్యత మాపై పడింది.

కథల విందులకు బజారులో దొరికేవి బొమ్మల పళ్లేలు, కాగితపు కిరీటాలు, అద్దె వేషాలు. ప్రవక్తల విషయంలో బొమ్మకూ వేషానికీ తావే లేదు. కంటికి చూపరాని కథను నాలుకకు అందించడమే మాకు మిగిలిన మార్గం. మొత్తం వంట కేటరింగు వారికి అప్పగిద్దామని ఇంటి పెద్ద ఒకాయన అనకపోలేదు. “వారి డేగ్‌లో ఉప్పూ కారం ఉంటాయి బాబూ, కథ ఉండదు” అని నానీ ఆ మాటను అక్కడే తుంచేశారు.

మొదటి గిన్నె కద్దూ కీ ఖీర్. పాతబస్తీలో కద్దూ అంటే సొరకాయే. చేప కడుపు నుండి బయటపడి, నీరసించి ఒడ్డున పడివున్న హజ్రత్ యూనుస్ (అలైహి)పై అల్లాహ్ ‘యఖ్తీన్’ను మొలిపించాడు (37:146). దీన్ని సొరజాతి తీగగా పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. పెద్ద ఆకులు నీడనిస్తాయనీ, ఈగలు దరిచేరవనీ వారి మాట. రెండు లీటర్ల పాలకు అరకిలో లేత సొరకాయ కోరు, గుప్పెడు నానిన సగ్గుబియ్యం, కాస్త ఖోవా, యాలకులు. కోరును గట్టిగా పిండి, నేతిలో పచ్చిదనం పోయేదాకా వేయించి, మెత్తబడిన తర్వాతే మరిగి చిక్కబడిన పాలలో కలపాలి. తొందరపడితే పాలు విరిగే ప్రమాదం ఉంది. దుకాణాల ఖీర్‌లో కనిపించే ఆకుపచ్చ రంగును నానీ దగ్గరికి రానివ్వలేదు.

సొరకాయ పేరు వినగానే మొహం ముడుచుకున్న పిల్లల కోసం మేము హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం చెప్పాం. ఒక దర్జీ ఇచ్చిన విందులో దైవప్రవక్త (సల్లం) పళ్లెంలో సొరకాయ ముక్కలను ఏరి తినడం చూసి, ఆనాటి నుండి అనస్ (రజి)కు అదంటే ఇష్టం ఏర్పడింది. ఆ తర్వాత రెండోసారి వడ్డించమన్న వారే ఎక్కువ.

మేడపైన బొగ్గుల మీద నల్లరాతి పలక ఎర్రగా కాగుతోంది. పచ్చిబొప్పాయి, అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించిన పల్చని మేక మాంసపు ముక్కలు దానిపై చిటపటలాడుతున్నాయి. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహి) అపరిచిత అతిథుల ముందుంచిన ఆవుదూడ మాంసాన్ని ఖుర్ఆన్ ‘హనీజ్’ అన్నది (11:69). కాలిన రాళ్లపై వండినదని కొందరు వ్యాఖ్యాతలు దానికి అర్థం చెప్పారు. హైదరాబాదు పత్తర్ కా గోష్త్‌కు ఇంతకన్నా తగిన కథ ఏముంటుంది? ఆ అతిథులు దైవదూతలనీ, చేయి చాపలేదనీ చెప్పగానే నల్లగొండ పాప, “మరి ఆ మాంసం ఎవరు తిన్నారు?” అని నిలదీసింది. ఆ సంగతి ఖుర్ఆన్ చెప్పలేదు కనుక మేమూ చెప్పలేదు.

హజ్రత్ యూసుఫ్ (అలైహి) కాలపు గోధుమ వెన్నుల కోసం నాన్. ఇంట్లో తందూరు లేనందున ఈ ఒక్కటీ బయటిదే. పురానీ హవేలీ సమీపాన 1851 నాటిదని చెప్పుకునే మున్షీ నాన్ నుండి నలుపలకల నాన్లు తెచ్చాం. హజ్రత్ మర్యమ్ (అలైహి) కోసం ఖర్జూరాలు, తేనెటీగ కోసం తేనె. సులైమాన్ (అలైహి) చీమకు ఏ వంటకమూ కుదరలేదు. తుర్కీలో హజ్రత్ నూహ్ (అలైహి) ఓడను తలచుకుంటూ ముహర్రంలో ధాన్యాలు, ఎండుఫలాలతో ‘అషూరే’ అనే తీపి వండుతారు. రుచి మాటెలా ఉన్నా, ఆ వంటకం ప్రస్తావన ఖుర్ఆన్‌లో లేదు. అందుకే దాన్ని వదిలేశాం.

చివరిది చింతపండు వేసిన మసూర్ దాల్, పక్కన దోసకాయ, ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చడి. మన్న, సల్వా ఊరకే దొరుకుతుంటే విసుగుపుట్టి హజ్రత్ మూసా (అలైహి)ను ఇవి కావాలని అడిగిన జాతి కథ (2:61). మేము మొదలుపెట్టేలోగా ఆ అబ్బాయి లేచి, చేతులు కడుక్కుని, వుజూ చేసుకుని ముస్‌హఫ్ తెచ్చాడు. ఖీర్ తింటూ విన్న ‘యఖ్తీన్’ ఎక్కడుందో ముందుగా తానే వెతికి పట్టుకున్నాడు. ఇక దోసకాయ ఏ మాటో చూపమన్నారు తక్కిన పిల్లలు. బఖరా సూరాలో ఆయత్ తెలిసినా, అందులో దోసకాయ ఏదో, ఉల్లి ఏదో చెప్పడం ఎవరికీ చేతకాలేదు. అలమరలోని తెలుగు అనువాదం దింపి, దుమ్ము తుడిచి, ఒక్కొక్క మాటనూ పోల్చి చూసేసరికి దాల్ పూర్తిగా చల్లారిపోయింది. నానీ దాన్ని మళ్లీ పొయ్యిమీదికి ఎక్కించారు.