బసగదిలో కాఫీ

పూర్వము మన పెద్దలు ప్రయాణమై పోవునపుడు చెంబును, మడిబట్టను, అటుకులను మూటగట్టుకొని పోయెడివారు. పరుల చేతినీరు త్రాగిన కులము చెడునని వారి భయము. నేడా భయము చాలవఱకు తొలగినదందుము గాని మూట మాత్రము తొలగలేదు. మావంటివారి సంచిలో నిప్పుడు ఇత్తడి ఫిల్టరును, కాఫీపొడి డబ్బాయును, చిన్న కరెంటు కెటిలును చేరినవి. మా భయము కులమును గూర్చినది కాదు, రుచిని గూర్చినది. ఈ రెండు భయములకును భేదమెంత యని విచారించుటకే యీ నాలుగు మాటలు.

పరీక్షల పనిమీద మేము మాచర్లలో మూడు దినము లొక లాడ్జిలో బసచేయవలసి వచ్చెను. ఆ యూర కాఫీ దొరకదని కాదు. తెల్లవాఱుజామున లేచు అలవాటు గలవానికి వీధి దుకాణము తెఱచువఱకు ఓపిక యుండదు. కావున గదిలోనే కాచుకొనుటకు నిశ్చయించితిమి.

మొదటి చిక్కు నీటియొద్దనే వచ్చును. పల్నాటి నేల సున్నపురాతి నేల. ఆ రాళ్ళనడుమ నుండి వచ్చు బోరునీటిలో సున్నపు లవణములు కరగియుండును. అట్టి నీరు కాఫీగింజకు సహజమైన సన్నని పులుపును చంపి పానమును చప్పగా జేయును. నీరు మరగినపుడు ఆ లవణములలో కొంతభాగము తెల్లని పొరయై కెటిలు అడుగున నిలుచును. రసాయనశాస్త్రజ్ఞులు దీనిని తాత్కాలిక కఠినత్వ మందురు. కావున బోరునీటిని రెండుమార్లు మరగించి, తేర్చి, పైనీటిని మాత్రము గ్రహింపవలెను. శుద్ధిచేసిన డబ్బానీరు దొరకినచో నీ శ్రమ లేదు. అడుగున బట్టిన పొర నిమ్మరసముతో వదలును.

ఇక పొడి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదని మన ఆహారనిబంధన. డబ్బామీద అచ్చువేసిన పాళ్ళను చదివి కొనువారు తక్కువ. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు గింజను అప్పటికప్పుడు ఆడించి తెచ్చుకొనగలిగిన మఱియు మేలు. సుమారు 20 గ్రాముల పొడిని ఫిల్టరు పైగిన్నెలో వేసి, కాడగల బిళ్ళతో మెల్లగా అదుమవలెను. గట్టిగా అదిమిన నీరు దిగదు. మరగిన నీటిని అరనిమిషమాగి, 120 మిల్లీలీటర్లు చుట్టును తిరుగునట్లు పోసి మూతపెట్టవలెను. పదిపదునైదు నిమిషములలో డికాక్షను చుక్కచుక్కగా దిగును. తొందరపడి గిన్నెను తట్టరాదు. పాలు కెటిలులో కాచరాదు, పొంగును, అడుగంటును. క్రింది టీదుకాణము నుండి వేడిపాలు తెప్పించుకొనుటయే మంచిది.

ఈ కొలత ఇద్దరికి సరిపోవును. పాలు తెచ్చిన లాడ్జి పనివాడు, పాతికేండ్లవాడు, గుమ్మముకడ నిలిచియుండగా రెండవ గ్లాసు నింపి, “రావయ్యా, కూర్చుని తాగుదాం” అంటిమి.

“వద్దు సారూ, నాకు బయట కాగితం కప్పు ఉంది, దాంట్లో పొయ్యండి” అనెను.

ఎందుకంటిమి. అతడు జవాబీయక నేలచూపు చూచెను.

ఆ మౌనమున కర్థము మన దేశమున నెఱుగనివా రెవరు? ఒకప్పుడు మదరాసు రాజధానిలోని కాఫీహోటళ్ళలో బ్రాహ్మణులకు వేఱుచోటు. పల్లెల టీకొట్లలో కొందఱికి వేఱుగ్లాసు. 1950 జనవరి 26న అమలైన రాజ్యాంగపు 15వ అధికరణము, హోటళ్ళలో కులమునుబట్టి యెవ్వరిని అడ్డగింపరాదని శాసించినది. కాగితపు కప్పు పాఱవేయుటకు సౌకర్యమే. కాని యొకరికి స్టీలు, ఒకరికి కాగితము అయినపుడు అది పాత రెండుగ్లాసుల ఆచారమునకు క్రొత్త ముసుగు. చట్టము హోటలు తలుపు తెఱచినది. మన గది తలుపు తెఱవవలసినది మనమే.

ఇది మాచర్లలో జరుగుట మనసును మఱింత నొప్పించును. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి సకలకులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెననియు, మాలకులమున బుట్టిన కన్నమదాసును కొడుకుగా నాదరించెననియు పల్నాటి కథ చెప్పును. చంద్రవంక యొడ్డున చెన్నకేశవుని దర్శించి, ఆ కథ విని పులకించి, బసకు వచ్చి పనివానికి కాగితపు కప్పు వెదకినచో వినిన ఫలమేమి?

మేమతనిని బలవంతపెట్టలేదు. బలవంతపు మర్యాదయు నొక అధికారమే. మఱునాడు ఫిల్టరు అతని చేతికిచ్చి పొడి యదుము విధము నేర్పితిమి. మూడవనాడు తానే చేసి, తానే రెండు గ్లాసులును నింపి, కుర్చీలో కూర్చుండి త్రాగి, “సారూ, మీరు పంచదార మరీ పిసినారిగా వేస్తారు” అనెను. మా కాఫీకి వచ్చిన విమర్శలలో ఇంత సంతోషము కలిగించినది లేదు.

గదిలో కాఫీ కాచుకొనుట తప్పు కాదు. రుచి యెఱిగి త్రాగుటయు నొక విద్యయే. కాని ఒంటరిగా త్రాగవలెనను పట్టుదల ముదిరిన రుచియే మడి యగును. కావున చదువరులారా, ప్రయాణమునకు సంచి సర్దునపుడు గ్లాసులు రెండు పెట్టుకొనుడు. రెండును ఒక్క లోహమువి, ఒక్క కొలతవి.