పైన్ చెట్ల రేవులో లంగరు

ఇస్తాంబూల్ నగరానికి ఆగ్నేయంగా మర్మరా సముద్రంలో తొమ్మిది చిన్న దీవులున్నాయి. విస్తీర్ణంలో వాటిలో రెండవది హేబెలీఆదా. తుర్కీ భాషలో ‘హేబె’ అంటే గుర్రంపై రెండువైపులా వ్రేలాడే జోలెసంచి. ఈ దీవి దక్షిణపు అంచున చామ్ లిమానీ, అనగా పైన్ చెట్ల రేవు ఉంది. వేసవి సెలవు దినాల్లో అది నగరం నుండి వచ్చే విహార పడవలతో నిండిపోతుంది.

ఆ కాలంలో అక్కడ తరచుగా ఈశాన్యం నుండి వీచే గాలిని ‘పొయ్‌రాజ్’ అంటారు. కొండ అడ్డు ఉన్నందున ఈ రేవుకు అలల బాధ తక్కువ. గాలి మాత్రం ఆగదు. కొండ దాటి విసురు విసురుగా, దిక్కు మార్చుకుంటూ పడవల మీద పడుతుంది.

లంగరు తన బరువుతో పడవను ఆపుతుందని మనలో చాలామంది తలుస్తారు. నిజానికి అది నాగలి కర్రు వలె అడుగు నేలలో దిగి పట్టుకుంటుంది. లాగుడు నేలకు సమాంతరంగా ఉన్నంతవరకే ఆ పట్టు. గొలుసు పొట్టిదైతే లాగుడు పైకి మళ్లి లంగరు ఊడుతుంది. నీటి లోతు 8 మీటర్లు, నీటిపై పడవ ముక్కు ఎత్తు 1 మీటరు అనుకుందాం. ఆ 9 మీటర్లకు సాధారణంగా 5 రెట్లు, అనగా 45 మీటర్ల గొలుసు వదులుతారు. గాలి బలపడితే 7 రెట్లు, 63 మీటర్లు. ఆ గొలుసు చివర 12 మీటర్ల పడవ గాలితో తిరగాలంటే దాదాపు 75 మీటర్ల వ్యాసార్ధం గల వలయం కావాలి. మన క్షేమానికి వదిలే ప్రతి మీటరూ పొరుగువాని చోటులోకి పోతుంది. ముందు వచ్చినవారిదే హక్కు, తరువాత వచ్చినవారే దూరం పాటించాలన్నది నావికుల ఆచారం.

‘లంగరు’ అన్న మన మాట ఫార్సీ నుండి వచ్చింది. తుర్కులు ‘ఇనుము వేయడం’ అంటారు. అరబ్బీలో అది ‘మిర్సాత్’. దివ్యఖుర్ఆన్ పర్వతాలను పేర్కొనే ‘రవాసీ’ కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. హూద్ సూరాలో హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) ఓడ సాగడాన్నే కాక అది నిలవడాన్నీ అల్లాహ్ పేరుతో చెప్పారు. ఆ పదాన్ని ఏళ్ల తరబడి బోధించాము గాని, గొలుసు గరగరమని జారే చప్పుడు అక్కడే విన్నాము.

పూర్వ విద్యార్థి ఒకరి ఆహ్వానంపై వెళ్లాము. అతని తుర్కీ మిత్రుడే కప్తాను; ఆయన భార్యాబిడ్డలూ పడవలో ఉన్నారు. అస్ర్ దాటాక రేవు చేరాము. కప్తాను పడవను గాలికి ఎదురుగా నిలిపి లంగరు దించారు. మొదటిసారి నాచులో జారింది. రెండవసారి ఇంజనును వెనుకకు నడిపి పరీక్షించి, ఒడ్డున ఒక చెట్టును, దాని వెనుక బండను ఒకే వరుసలో చూసుకున్నారు. వరుస తప్పలేదు. అయితే ఒక విసురుకు మా పడవ తిరిగి, అంతకుముందే ఆగి ఉన్న చిన్న పడవను సమీపించింది. అందులో ఒక కుటుంబం రాత్రి బసకు దీపం వెలిగిస్తోంది. గొలుసు తగ్గిస్తే చోటు సరిపోతుంది, కాని రాత్రికి పట్టు చాలదు.

“హజ్రత్, పిల్లలు అలసిపోయారు. ఇక్కడే ఉందామని తమరు చెబితే వింటారు” అన్నాడు మా విద్యార్థి.

“ఈ ప్రయాణానికి అమీరు ఆయన నాయనా, మేము కాదు” అన్నాము.

కప్తాను చిన్న పడవ వైపు ఒకసారి చూసి, గొలుసు ఎత్తే యంత్రం మీట నొక్కారు.

కొండ చాటు దాటగానే అలలు పడవ ముక్కును ముంచెత్తాయి. చిన్నవాడు వాంతి చేసుకున్నాడు. నిలబడే వీలు లేక మగ్రిబ్ నమాజు కూర్చొనే చేశాము. కదికోయ్ వైపు మరీనా చేరేసరికి ఇషా వేళయింది. గొలుసుకు అంటిన రేవు బురదను కప్తాను పెద్దకొడుకు బకెట్టుతో కడుగుతుండగా మేము వుజూకు కూర్చున్నాము.