కనిపించని మంట

హిందీ మాటకు సరియైన తెలుగు మాట వెదకడమే వృత్తిగా ఢిల్లీ నగరంలో 30 ఏండ్లు గడిపాను. కాని నా నోటిలోని బాధను సరిగా చెప్పుకొనలేక 7 మాసాలు వృథాగా కష్టపడ్డాను.

నా 53వ ఏట, ముట్లుడిగిన మరుసటి సంవత్సరం, నాలుక కొసన మంట మొదలైంది. కాగిన పాలు తొందరపడి తాగితే నాలుక చుర్రుమంటుంది చూడండి, అటువంటిది. అయితే అది పూటలో చల్లారుతుంది, ఇది చల్లారలేదు. ఉదయం ఉండీ లేనట్లుండేది. పొద్దెక్కినకొద్దీ పెదవులకూ అంగిటికీ పాకి, దీపాలవేళకు పనిమీద మనసు నిలువనిచ్చేది కాదు. వింత యేమంటే, అన్నం తింటున్నంతసేపూ తగ్గేది. అద్దంలో చూసుకుంటే పుండు లేదు, పొక్కు లేదు. ఇంట్లోవారు చూసి, "ఏమీ లేదే!" అన్నారు. బాధ పడడం ఒక కష్టం. దానిని నమ్మించడం మరొక కష్టం.

మొదటి వైద్యునితో హిందీలో 'జలన్' అన్నాను. ఇక్కడ ఆ మాటకు గుండెల్లో మంట, పుల్లని త్రేనుపులు స్ఫురిస్తాయి. ఈర్ష్యకు కూడ అదే మాట. ఆయన నోరు తెరిపించి చూడకుండానే ఆమ్లపిత్తానికి మాత్రలు వ్రాసి యిచ్చాడు. మన 'మంట' మాత్రం తక్కువదా? కడుపుమంటకు ఎవరైనా మందు వేసుకుంటారా? సందర్భం చెప్పని మాట దారి తప్పుతుందని పరుల రచనల విషయంలో ఎరిగిన నేను, నా విషయంలో మరచిపోయాను.

ఆ తరువాత నోటివ్యాధుల నిపుణురాలిని చూడబోయేముందు ఎక్కడ, ఎప్పుడు, దేనితో పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది అని కాగితంమీద వ్రాసుకొని వెళ్ళాను. ఆమె శ్రద్ధగా చదివింది. రోజుకు 2 గంటలకు మించి, 3 మాసాలకు పైగా, కారణం కానరాకుండా నోరు మండితే దానిని 'బర్నింగ్ మౌత్ సిండ్రోమ్' అంటారని, ముట్లుడిగిన స్త్రీలలో హెచ్చని చెప్పింది. పేరు పెట్టేముందు రక్తంలో ఇనుము, బి12, ఫోలేటు, చక్కెర, థైరాయిడు పరీక్ష చేయించింది. నోటిలో శిలీంధ్రం ఉన్నదేమో చూసింది. రక్తపుపోటుకు ఎనలాప్రిల్ వంటి మందు వాడుతున్నానా అని అడిగింది. వీటిలో ఏది కారణమైనా, దానిని సరిదిద్దడమే చికిత్స. నాకవేవీ లేవు.

మిగిలిన దారులు ఆమె దాపరికం లేకుండా వివరించింది. క్లోనజెపామ్ మాత్రను చప్పరించి, ఆ లాలాజలాన్ని మంట ఉన్నచోట 3 నిమిషాలు నిలిపి, మింగక ఉమ్మివేయడం ఒకటి. ఇది కొందరికి మేలు చేసినట్లు 2004లో ప్రకటితమైన ఫ్రెంచి పరిశోధన తెలిపింది. మగతా అలవాటూ కలిగించే మందు గనుక వైద్యుల కనుసన్నలలోనే వాడాలి. ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం కొన్ని పరీక్షలలో గుణమిచ్చింది, కొన్నిటిలో ఇవ్వలేదు. మిరపకాయలోని కారమైన క్యాప్సేసిన్‌తో పుక్కిలించడం మరొకటి. మంటకు మంటే మందన్నమాట! బాధతో బ్రతకడం నేర్పే మానసిక చికిత్స కూడ కలదు. అది బాధ కల్పితమని కాదు.

నేను మొదటి దారి పట్టాను. పులుపూ ఆవకాయా తగ్గించాను. ఆల్కహాలు కలిసిన పుక్కిలింత మందులు మానివేశాను. 3 మాసాలకు మంట సగమైంది. పూర్తిగా పోలేదు, పోతుందని ఆమె మాట ఇవ్వనూలేదు.

ఇటువంటి బాధ గల సోదరీమణులకు నేను చెప్పగలిగినది ఒక్కటే: వైద్యుని వద్దకు ఒక్క మాటతో వెళ్ళకండి. బాధను పూర్తిగా వ్రాసుకొని వెళ్ళండి. కంటికి కనిపించనిదానికి మన మాటే సాక్ష్యం.