ఏమీ అనని ప్రోగ్రాం

ఎర్రరిచ్చే ప్రోగ్రాం నా దృష్టిలో మంచిది. కనీసం తిడుతుంది, ఎందుకు తిట్టిందో చూసుకుని సరిచేసుకుంటాం. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే దానితోనే అసలు చిక్కు. అదీ సి భాషలో రాసిన సాకెట్ ప్రోగ్రాం అయితే ఇక చెప్పక్కర్లేదు, మౌనవ్రతమే :)

ఈ మధ్య హన్మకొండలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదివే ముగ్గురు కుర్రాళ్ళు ఫోన్ చేశారు. ఒకడిది జనగామ, ఒకడిది మహబూబాబాద్ (మా నోళ్ళలో ఇంకా మానుకోటే), ఒకడిది భూపాలపల్లి. 2016 అక్టోబరులో ఈ మూడూ వేర్వేరు జిల్లాలకు వెళ్ళాయి గానీ, అంతకుముందు అన్నీ వరంగల్ జిల్లాలోవే. వీళ్ళ రూములో ఇప్పటికీ ఒకటే జిల్లా.

"అన్నా, ఏం వస్తలేదన్నా."

"ఎర్రర్ వచ్చిందా?"

"అది గూడ రాలే."

ముగ్గురూ రాయాల్సింది ఒకటే. క్లయింటు ఒక మాట పంపాలి, సర్వరు దాన్నే తిరిగి పంపాలి. మన దగ్గర ల్యాబుల్లో ఏళ్ళుగా ఉన్నదే. ముగ్గురికీ తెర ఖాళీ, కారణాలు మాత్రం మూడు.

జనగామ వాడి క్లయింటు నిజానికి కనెక్ట్ అయింది. "కనెక్ట్ అయింది" అని ప్రింట్‌ఎఫ్ కూడా ఉంది, కాకపోతే చివర కొత్త లైను గుర్తు లేదు. టెర్మినల్ మీద ఆ గుర్తు వచ్చేదాకా మాట బఫర్లోనే ఉంటుంది. తర్వాతి లైనులో రిసీవ్ కాల్ ఆగిపోయింది. వీడు విసుగొచ్చి కంట్రోల్-సి కొడితే బఫర్లో ఉన్నది కూడా పోయింది. "మరి స్కాన్‌ఎఫ్ ముందు పెడితే కనవడేది గదన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న. లైనక్సులో కీబోర్డు నుంచి చదివే ముందు సి లైబ్రరీయే ఆ బఫర్ని ఖాళీ చేస్తుంది. రిసీవ్ ఆ లైబ్రరీ దారిలో పోదు, అంచేత ఆ సాయం ఉండదు.

మానుకోట వాడు సర్వర్లో పోర్టు 8080 అని నేరుగా రాశాడు, హెచ్‌టాన్స్ లేకుండా. మన ల్యాప్‌టాపుల్లో బైట్ల వరస నెట్‌వర్కు వరసకి తలకిందులు. దాంతో సర్వరు 36895 మీద కూర్చుంది. క్లయింటు సరిగ్గా 8080కే వెళ్ళింది, అక్కడ ఎవరూ లేరు. కనెక్ట్ -1 ఇచ్చింది, దాన్ని అడిగినవాడు లేడు. తర్వాత సెండ్ చేయగానే సిగ్‌పైప్ సిగ్నల్ వచ్చి ప్రోగ్రాం చప్పుడు లేకుండా పోయింది. వెంటనే ఎకో $? కొట్టమంటే 141 వచ్చింది. 128కి ఆ సిగ్నల్ నంబరు 13 కలిపితే అంతే కదా. చావుకి కారణం అక్కడే రాసుంది.

భూపాలపల్లి వాడిది ఇంకో కథ. క్లయింటు "హలో" పంపి జవాబు కోసం కూర్చుంది. సర్వరేమో లైను పూర్తయితేనే జవాబిద్దామని కొత్త లైను గుర్తు కోసం చూస్తోంది. టీసీపీకి మాట ఎక్కడ ముగిసిందో తెలీదు, దానికి తెలిసింది బైట్ల వరస ఒక్కటే. ముగింపు గుర్తు మనమే పంపుకోవాలి. రెండింటి మీదా ఎస్‌ట్రేస్ పెట్టి చూడమన్నాను. రెండూ చదవడం దగ్గరే ఆగి ఉన్నాయి, నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని.

చూశారుగా, ఏ ప్రోగ్రామూ నిజంగా మౌనంగా లేదు. ఒకటి మాట బఫర్లో దాచుకుంది, ఒకటి -1 ఇచ్చింది, ఒకటి కెర్నెల్లో నిలబడి ఎదురుచూస్తోంది. అడిగితే అన్నీ చెప్పాయి. అడగడానికి పెద్ద విద్యలేం అక్కర్లేదు. ప్రతి సాకెట్ కాల్ ఏమిచ్చిందో చూసి, -1 అయితే పీఎర్రర్ పిలవాలి. జాడ కోసం వేసే ప్రింట్లు బఫర్ లేని ఎస్‌టీడీఎర్ర్‌కి పంపాలి. సర్వరు ఏ పోర్టు మీద ఉందో ఎస్ఎస్ కమాండు చెబుతుంది, బైట్లు అసలు బయల్దేరాయో లేదో టీసీపీడంప్ చెబుతుంది.

నన్ను ఇబ్బంది పెట్టింది ప్రోగ్రాం కాదు. ఫోన్ పెట్టేముందు భూపాలపల్లి వాడు అన్న మాట. "నాకు కోడింగ్ రాదనుకున్న అన్నా. బ్యాంకు కోచింగుల చేరుదామని నాయినకు గూడ చెప్పిన." వాళ్ళ నాన్న బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఒక కొత్త లైను గుర్తు లేనందుకు కుర్రాడు దారే మార్చుకోబోయాడు!

వాడి తప్పేముంది? ల్యాబ్ రికార్డులో ఎడమపక్క ప్రోగ్రాం, కుడిపక్క అవుట్‌పుట్. సీనియర్ల రికార్డు చూసి రాసినా మార్కులు పడతాయి. అవుట్‌పుట్ రానప్పుడు ఏం చూడాలో రాయడానికి ఆ రికార్డులో పేజీ లేదు. అలా చదువుకున్న పిల్లాడు ఖాళీ తెరని చూసి అది తన తెలివి మీద తీర్పనుకుంటాడు. ఇంట్లో అడగడానికి ఇంజినీరు లేని పిల్లలకైతే మరీను.

ఉద్యోగంలో చేరాక మనకి జీతమిచ్చేది ఎక్కువగా ఆ లేని పేజీకే. రాత్రి రెండింటికి సర్వరు పలకనప్పుడు అవుట్‌పుట్ చూసి రాయడానికి సీనియర్ల రికార్డు ఉండదు. ల్యాబులు నడిపే మాస్టార్లకు నా మనవి ఒకటే. పరీక్షలో ఒక్క ప్రోగ్రాం పాడుచేసి ఇవ్వండి. అవుట్‌పుట్ తెప్పించకపోయినా ఫర్లేదు, అది ఎక్కడ ఆగిందో కనిపెట్టిన పిల్లాడికి మార్కులన్నీ వేయండి.