కొట్టిన బాలుడు

తెలుగు వ్యాకరణమును బోధించుచు నిరువది సంవత్సరములు గడపినవాడను. సూత్రము కంఠస్థమైనచో వాక్యము వశమైనట్లేయని చాలకాలము నమ్మియుంటిని. ఆ నమ్మకమును పోగొట్టినది యొక చిన్న చీటి.

గడచిన యేట నొకనాడు మధ్యాహ్న విరామమున తరగతిలో నల్లరి జరిగెను. నేను వచ్చునప్పటికి తరగతి నాయకుడు నా బల్లపై చీటి యుంచెను. "కొట్టిన బాలుడు వెనుక బల్లపై కూర్చున్నాడు" అని యందుండెను. వెనుక బల్లపై నొక్కడే యుండెను. వాడు కొల్లేటికోటలో చేపలు పట్టి జీవించు కుటుంబములోని బిడ్డ. వాడేదియో చెప్పబోగా వారించి, వారము దినములు ఆటలకు పోరాదని శిక్ష విధించితిని. వాడు తల వంచుకొనెను.

ఆ వారముననే కంప్యూటరు బోధించు సహోపాధ్యాయుడు సెలవుపై పోవుచు, తన పాఠమును నాకప్పగించి, గ్రంథమొకటి చేతికిచ్చెను. యంత్రమునకు మనము వ్రాయు భాషలకును వ్యాకరణము కలదని యప్పుడే యెరిగితిని. 1959లో జాన్ బాకస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్గాల్ అను భాషయొక్క వాక్యనిర్మాణమును సూత్రములుగా వ్రాసి చూపెను. 1960లో వెలువడిన ఆ భాషా నివేదికలో డెన్మార్కు దేశీయుడగు పీటర్ నౌర్ ఆ పద్ధతిని సంస్కరించి వాడెను. ఈ సూత్రపద్ధతికి పాణిని పేరు చేర్చుట న్యాయమని 1967లో ఇంగర్‌మన్ అను నాతడు సూచించెను. ఇది చదివి నేనెంతయు గర్వించితిని. ఆ గర్వము తరువాతి పుట వరకే నిలిచెను.

అచ్చట 2 + 3 × 4 అను ఉదాహరణ ముండెను. "రాశి యనగా సంఖ్య, లేదా రాశి + రాశి, లేదా రాశి × రాశి" అని సూత్రము వ్రాసినచో, ఈ వరుస రెండు విధముల విడిపోవును. కూడికను ముందు కట్టిన 20. గుణకారమును ముందు కట్టిన 14. అక్షరములు మారలేదు, అర్థము మారినది. కావున సూత్రమును రెండంతస్తులుగా వ్రాయుదురు: "మొత్తమనగా లబ్ధము, లేదా మొత్తము + లబ్ధము. లబ్ధమనగా సంఖ్య, లేదా లబ్ధము × సంఖ్య." ఇప్పుడు 3 × 4 ఒక లబ్ధముగా కుదిరిన పిమ్మటనే కూడికకు చోటు. 14 తప్ప వేరు ఫలము రాదు.

1965లో డొనాల్డ్ క్నూత్, వరుసను ఎడమనుండి కుడికి చదువుచు, వెనుకకు మరలకయే విడదీయు పద్ధతిని వివరించెను. అట్టి పద్ధతులపై పిమ్మట నిర్మించిన సాధనములు, రెండు దారులు తోచిన తావున "ఇచ్చట చిక్కు కలదు" అని సూత్రకర్తకు ముందుగనే తెలుపునట.

ఈ మాట చదువగానే నాకు చీటి జ్ఞప్తికి వచ్చెను. "కొట్టిన" అనునది ధాతుజ విశేషణము. "పాడిన బాలిక" యన్నచో బాలిక కర్త. "పాడిన పాట" యన్నచో పాట కర్మ. మరి "కొట్టిన బాలుడు" అన్నచో, కొట్టినవాడును గావచ్చును, ఒకడు కొట్టగా దెబ్బ తిన్నవాడును గావచ్చును. ఏటేట నేనే బోధించు పాఠమిది!

మరునాడు తరగతి నాయకుని అడిగితిని. "దెబ్బ తిన్నవానిని గూర్చియే వ్రాసితిని, మాస్టారూ" అనెను.

ఆ శనివారము కైకలూరు మీదుగా కొల్లేటికోటకు పోయితిని. బాలుడు తండ్రితో గూడ వల బాగుచేయుచుండెను. తండ్రి యెదుటనే "తప్పు నాది, నాయనా" అంటిని. "పెద్దవారు, అంతమాట యెందుకండీ" అని తండ్రి లేచి నిలిచెను. బాలుడు మాత్రము వలనుండి చూపు మరల్చక, "ఆనాడే చెప్పబోతిని, మాస్టారూ. మీరు ఆగలేదు" అనెను. నాకు మారుమాట తోచలేదు.

యంత్రమునకు సందేహము రాకుండ సూత్రమును ముందే దిద్దవలెను. మనుష్యుల మాటలను అట్లు దిద్ద వలనుగాదు, దిద్దనక్కరయు లేదు. ఎదుటివానిని అడుగు సౌకర్యము మనకు కలదు. దానిని వాడుకొనకుండుటయే నా దోషము.

బాలుడిప్పుడు ముందు బల్లపై కూర్చుండుచున్నాడు. పాఠములో "కొట్టిన" అను మాట వచ్చినప్పుడెల్ల నా వైపు చూచి నవ్వును. నేనును ఆగి, "ఎవరు? ఎవరిని?" అని తరగతి నంతటిని అడుగుదును.